ఫార్మాట్ కొట్టనియ్యలేదు

మా ఇంట్లో కంప్యూటర్ ఒక సాయంత్రం నల్ల తెర మీద మూడు తెల్ల లైన్లు చూపించి అక్కడే ఆగిపోయింది. అలాంటి పార్టిషన్ లేదని మొదటి లైను. రెస్క్యూ మోడ్‌లోకి పోతున్నానని రెండో లైను. దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అన్న మాట, పక్కన మినుకు మినుకుమంటున్న ఒక గీత. ఏ బటన్ నొక్కితే ఆ అక్షరం అక్కడ పడుతుంది తప్ప కంప్యూటర్ ముందుకు కదలదు. ఆపి మళ్లీ పెట్టినా అదే. 2021 వానాకాలం అది. బయట పత్తి చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంట్లో నేను కుర్చీలో నుంచి లేవలేక కూర్చున్నాను.

కంప్యూటర్ పోతే నాకు బాధ లేదు. ఉట్నూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డెస్క్‌టాప్ అది. కానీ అందులో మా పర్ధాన్ కాకా గొంతు ఉంది.

గోండులకు వంశం కథలు చెప్పేది పర్ధాన్లేనని ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఏ ఇంటికి ఏ పర్ధాన్ అన్నది తాతల నాటి లెక్క. మా ఇంటి పర్ధాన్ నాకు వరసకు కాకా అవుతాడు. మూడు తీగల కీక్రీ ఒళ్లో పెట్టుకుని కథ మొదలుపెడితే తెల్లవారేదాకా ఆపేవాడు కాదు. 2018 చలికాలం నుంచి 2019 చలికాలం దాకా ఆయన పాడినవి నేను రికార్డు చేసుకున్నాను. ఎంపీ3 చేస్తే కీక్రీ నాదం పలచబడుతుందని ఎవరో చెబితే అన్నీ వేవ్ ఫైళ్లలోనే ఉంచాను. అలా ఉంచితే నిమిషానికి సుమారు 10 ఎంబీ తింటుంది. మొత్తం 30 గంటలు, 18 జీబీ. వేరే ఎక్కడా కాపీ పెట్టలేదు. ఈ తప్పు నాది, ఎవరి మీదా వెయ్యను. ఇవాళ రేపు అంటూ రెండేళ్లు గడిపాను. ఆ ఏడాది మే నెలలో కాకా పోయాడు.

కాకా కొడుకు చిన్నప్పటి నుంచి కూలి పనికే పోయాడు. కీక్రీ వాయిస్తాడు గానీ కథ సగమే వచ్చు. పుష్య మాసంలో పెర్సపేన్ పూజకు వాళ్ల నాన్న స్థానంలో కూర్చోవాల్సింది అతనే. “దాదా, నాన్న పాడింది నీ దగ్గర ఉంది కదా, పొలం పని తగ్గినంక వచ్చి విని నేర్చుకుంటా” అని దినం రోజే అడిగాడు. సరే అన్నాను. ఆ మాట ఇచ్చిన మూడు నెలలకు ఈ నల్ల తెర.

ఆ కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు ఉండేవి. ఆన్ చేయగానే ఒక మెనూ వచ్చి ఉబుంటు లినక్స్ కావాలా, విండోస్ 7 కావాలా అని అడిగేది. పది సెకన్లలో మనం ఏదీ నొక్కకపోతే ఉబుంటు తనే తెరుచుకునేది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు. రెండు ఎందుకంటే, ప్రెస్సు వాళ్లకు పేజీలు ఇవ్వాలంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి. అవి విండోస్‌లో. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. నాకు గుంజాల గోండి లిపిలో పిల్లలకు పాఠాలు టైపు చెయ్యాలని ఉండేది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్ 11లో దానికి చోటు దొరికింది. నోటో ఫాంట్లలో కూడా వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండి బడి పెట్టినప్పుడు మన మాటను దేవనాగరిలో అచ్చువేశారు. తర్వాత తెలుగు లిపిలో రాసుకున్నాం. ఇన్నాళ్లకు గోండి లిపి కంప్యూటర్ ఎక్కిందంటే దాన్ని వాడకుండా ఎలా ఉంటాను? అందుకని లినక్స్ పెట్టించాను. పెట్టింది ఒక కోలాం తమ్ముడు. అప్పట్లో ఉట్నూరులో కంప్యూటర్ నేర్పేవాడు, ఇప్పుడు హైదరాబాదులో పని చేస్తున్నాడు.

ఇక ఏం జరిగిందో చెప్పాలి. మా అక్క కొడుకు పాలిటెక్నిక్ చదివి ఖాళీగా ఉన్నాడు. చురుకైన పిల్లవాడు. మా ఇంట్లోనే ఉండి పోటీ పరీక్షల వీడియోలు విండోస్‌లో పెట్టుకుని చూసేవాడు. సి డ్రైవ్ నిండిపోయిందని రోజూ ఎర్ర గీత చూపిస్తోంటే, మామకు చెప్పకుండా బాగుచేసి పెడదాం అనుకున్నాడు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఒకటి ఉంటుంది. హార్డ్ డిస్కును ఎన్ని ముక్కలు చేశారో బొమ్మ గీసి చూపిస్తుంది. అందులో సి ఉంది, డి ఉంది. వాటి పక్కన అక్షరం లేని ముక్కలు రెండు కనబడ్డాయి. ఒకటి 8 జీబీ, ఒకటి 180 జీబీ. లినక్స్ ముక్కల్ని విండోస్ చదవలేదు. చదవలేనిదానికి పేరు పెట్టదు. పేరు లేదు కాబట్టి ఎవరివీ కావని వీడు అనుకున్నాడు. చిన్నదాన్ని ముందు డిలీట్ కొట్టాడు. సి డ్రైవ్ పెంచుదామంటే ఆ ఆప్షన్ మసకగా ఉండి పని చెయ్యలేదు. పెద్దదాన్ని కూడా తీసేస్తే పెరుగుతుందేమోనని దాని మీద మౌస్ పెట్టాడు. అప్పుడే కరెంటు పోయింది.

మా ఊళ్లో కరెంటు పోవడాన్ని నేను తిట్టని రోజు లేదు. ఆ ఒక్క రోజుకు మాత్రం తిట్టను.

కరెంటు వచ్చాక కంప్యూటర్ పెడితే ఆ మూడు లైన్లు. పిల్లవాడు నాతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అది మెచ్చుకోవాలి. నేను మాత్రం మెచ్చుకోలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను. కాకా పేరు తెచ్చి అన్నాను. వాడు రాత్రి అన్నం తినకుండా బైక్ ఎక్కి వాళ్ల ఊరు పోయాడు.

మర్నాడు సీపీయూను గోనెసంచిలో చుట్టి ఆటోలో పెట్టుకుని టౌనుకు తీసుకుపోయాను. రిపేరు చేసే అబ్బాయి వైర్లు పెట్టి, తెర చూసి, నిమిషంలో తేల్చేశాడు. “ఓఎస్ పోయింది సార్. ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఏస్తా. ఐదొందలు.” లోపల ఫైళ్లు ఉన్నాయి అన్నాను. “సి, డి డ్రైవ్‌లల్ల ఉంటే తీస్త. లినక్స్ల ఉన్నయి రావు సార్, అవి పోయినయే.” ఎట్లా తెలుసు పోయినాయని అంటే, “ఇక్కడ కనబడ్తలేవు కదా” అన్నాడు.

అతని మీద నాకు కోపం లేదు. రోజుకు ఎన్నో కంప్యూటర్లు చూడాలి. ఫార్మాట్ కొట్టడం తొందరగా అయిపోయే పని. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. కనబడలేదు కాబట్టి లేదు, రాసి లేదు కాబట్టి కథ కాదు, లిపి లేదు కాబట్టి భాష కాదు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. కంప్యూటర్‌ను మళ్లీ గోనెసంచిలో చుట్టుకున్నాను. “ఎక్కడికి పోయినా ఇదే చెప్తరు సార్” అన్నాడు ఆ అబ్బాయి. నిజంగానే ఇంకో షాపులో కూడా అదే చెప్పారు.

ఆ రాత్రి హైదరాబాదు తమ్ముడికి ఫోన్ చేశాను. మా ఊళ్లో సిగ్నల్ బడి మేడ మీదే వస్తుంది. తెర మీద ఏముందో ఒక్కొక్క మాట చదివించుకున్నాడు. అక్క కొడుకు ఏం డిలీట్ చేశాడో అడిగాడు. చిన్న ముక్కా, పెద్ద ముక్కా అని రెండుసార్లు అడిగాడు. చిన్నదే అనగానే గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు ఫోన్లో వినబడింది.

అతను చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. గ్రబ్ అంటే డిస్కు మొదట్లో కూర్చునే చిన్న ప్రోగ్రాం. మెనూ చూపించి, మనం అడిగినదాన్ని లేపడం దాని పని. డిస్కు మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు మాత్రమే. అందులోనూ, దాని వెనక ఉన్న కొద్ది ఖాళీలోనూ అది మొత్తం పట్టదు. కాబట్టి మిగతా ఫైళ్లు లినక్స్ ముక్కలో ఉంటాయి. ఆ ముక్క నంబరు ఒక్కటి మొదట్లో రాసిపెట్టుకుంటుంది. మా డిస్కులో లినక్స్ ఆరో నంబరు. అక్క కొడుకు తీసేసిన 8 జీబీ ఐదో నంబరు. అది స్వాప్, అంటే మెమరీ చాలనప్పుడు లినక్స్ తాత్కాలికంగా వాడుకునే జాగా. అందులో మన ఫైళ్లు ఏవీ ఉండవు. పాత పద్ధతి డిస్కుల్లో ఐదు నుంచి మొదలయ్యే నంబర్లు వరసగా ఉంటాయి. ఐదోది తీసేస్తే ఆరోది జరిగి ఐదు అవుతుంది. గ్రబ్ పోయి ఆరో నంబరును వెతికింది. ఆరో నంబరే లేదు. “ఇల్లు ఎక్కడికీ పోలేదు సార్, ఇంటి నంబరు మారింది. పోస్టుమన్ పాత నంబరు పట్టుకుని తిరుగుతున్నడు” అన్నాడు తమ్ముడు. మా గూడెంలో ఇళ్లకు కొత్త నంబర్లు వేసిన ఏడాది ఎవరి ఉత్తరం ఎవరికి పోయిందో గుర్తొచ్చి, అంత కష్టంలో కూడా నవ్వాను.

“విండోస్ పెట్టొద్దు, ఎవరినీ ముట్టనియ్యొద్దు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకోండి. దాంతోటే కంప్యూటర్ లేపుదాం” అన్నాడు.

పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేవడం నేను అప్పటిదాకా చూడలేదు. లినక్స్‌లో ఆ సౌకర్యం ఉంది. డిస్కును అసలు ముట్టకుండా మొత్తం సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుంచే మెమరీలోకి వచ్చి నడుస్తుంది. ఆపేస్తే ఏ ఆనవాలూ మిగలదు. అక్కడి నుంచి మన డిస్కును బయటివాళ్లలా తెరిచి చూడొచ్చు.

చెప్పినంత సులభంగా కాలేదు. ఉబుంటు 20.04 ఫైలు దాదాపు 3 జీబీ. నా ఫోన్ ప్యాక్ రోజుకు 1.5 జీబీ. నాదీ, మా ఇంటామెదీ రెండు సిమ్‌లు కలిపి బడి మేడ మీద కూర్చుని దించుతుంటే, ముప్పావు వంతు వచ్చాక సిగ్నల్ పోయి మొత్తం ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది. మూడో రోజుకు పూర్తయింది. ఇంకో టీచర్ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే దాంట్లోకి ఎక్కించి, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పేస్ట్ చేశాను. తెచ్చి పెడితే కంప్యూటర్ దాన్ని పట్టించుకోనే లేదు. అవే మూడు లైన్లు.

ఇది చాలామంది చేసే తప్పేనట. ఆ ఫైలును మామూలు సినిమా ఫైలులా పెన్‌డ్రైవ్‌లో పెడితే అది ఉత్త ఫైలుగానే ఉంటుంది. కంప్యూటర్ లేవడానికి కావలసిన ఏర్పాటుతో దాన్ని పెన్‌డ్రైవ్ మీద పరచాలి. విండోస్‌లో దానికి రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. లినక్స్‌లో అయితే స్టార్టప్ డిస్క్ క్రియేటర్. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే తీసుకోవాలి. నా కంప్యూటర్ పాతది కాబట్టి రూఫస్‌లో ఎంబీఆర్ ఎంచుకోమన్నాడు. ఇంకొకటి చేయించాడు. దించిన ఫైలుకు షా 256 అని 64 అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. ఉబుంటు వాళ్లు ఇచ్చిన గుర్తూ మన దగ్గర లెక్క కట్టిన గుర్తూ ఒక్కటే అయితే ఫైలు మధ్యలో చెడిపోలేదని అర్థం. సిగ్నల్ తెగుతూ అతుకుతూ వచ్చే మన ఊళ్లలో ఇది తప్పకుండా చూసుకోవాలి. నేను ఫోన్లో ఒక్కొక్క అక్షరం చదువుతుంటే అతను అవతల సరిచూసుకున్నాడు. అరవై నాలుగూ కలిసినాయి.

ఈసారి కంప్యూటర్ పెట్టగానే ఎఫ్12 నొక్కాను. ఒక్కో కంపెనీకి ఒక్కో బటన్ ఉంటుంది. ఎఫ్2, ఎఫ్9, ఎస్కేప్, డిలీట్, ఏదో ఒకటి. దేనితో లేవాలో అడిగే జాబితా వచ్చింది. పెన్‌డ్రైవ్ ఎంచుకున్నాను. రెండు మూడు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఇన్‌స్టాల్ చేస్తావా, ఊరికే వాడి చూస్తావా అని రెండు బొమ్మలు. ఇక్కడ తొందరపడి ఇన్‌స్టాల్ నొక్కినవాళ్లు పాత డిస్కు తుడిచేసుకునే ప్రమాదం ఉంది. ‘ట్రై ఉబుంటు’ అన్నదే నొక్కాలి.

తెర తెరుచుకుంది. ఫైళ్ల బొమ్మ నొక్కితే పక్కన 180 జీబీ వాల్యూమ్ అని కనబడింది. షాపులో పోయిందన్నది ఇదే. దాన్ని నొక్కాను. హోమ్, దాని లోపల నా పేరు, దాని లోపల ‘కాకా’ అని నేను పెట్టుకున్న ఫోల్డర్. ఫైళ్లు వరసగా ఉన్నాయి. ఒకదాన్ని రెండుసార్లు నొక్కాను.

ముందు కోడి కూత వచ్చింది. అది మా కోడే, 2018 నాటిది. తర్వాత కాకా దగ్గు. తర్వాత కీక్రీ తీగలు సరిచేసుకుంటున్న చప్పుడు. వంటింట్లో ఉన్న మా ఇంటామె పిండి చేతులతో అలాగే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రిపేరు అప్పుడే మొదలుపెట్టనియ్యలేదు తమ్ముడు. “ముందు బయటకు తియ్యండి. బాగుచెయ్యడం తర్వాత. బాగుచేసేటప్పుడే ఎక్కువ పోతయి” అన్నాడు. ఈ మాట ప్రతి బడిలో కంప్యూటర్ పైన రాసి అంటించాలి. ఇంకో టీచర్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇచ్చాడు. 18 జీబీ ఎక్కడానికి ఇరవై నిమిషాల పైనే పట్టింది. ఎక్కాక దాన్ని తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, రెండు ఫైళ్లు వాయించి చూసి, అప్పుడు నాకు ఆకలి వేసింది.

అక్కడితో ఆపెయ్యొచ్చు. ఫైళ్లు వచ్చాయి కదా, ఇప్పుడు ఫార్మాట్ కొట్టినా పోయేదేం లేదు. అయినా నాకు పంతం వచ్చింది. కనబడనిది లేనట్టే అన్నవాడికి కాకపోయినా, నాకు నేను చూపించుకోవాలి.

నెట్ బాగా ఉంటే ‘బూట్ రిపేర్’ అనే ప్రోగ్రాం దించి ఒక బటన్‌తో చేయించుకోవచ్చట. మాకు ఇంట్లో నెట్ లేదు. కాబట్టి టెర్మినల్ తెరిచి చేత్తో కొట్టాల్సిందే. నేను బడి మేడ మీదికి పోయి, అతను చెప్పినవి నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, ఇంటికి వచ్చి కొట్టి, వచ్చిన జవాబు మళ్లీ రాసుకుని మేడ ఎక్కడం. ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. పెన్‌డ్రైవ్ మీద నడిచే లినక్స్‌కు కరెంటు పోతే అప్పటిదాకా చేసిన ఏర్పాట్లు ఏవీ గుర్తుండవు. మళ్లీ మొదటి నుంచి.

పని సారం ఇది. ముందు ముక్కల జాబితా చూడాలి. ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొడితే మన డిస్కు ఎస్‌డీఏ అని, ముక్కలు ఎస్‌డీఏ1, ఎస్‌డీఏ2 అని వస్తాయి. పెన్‌డ్రైవ్‌కు వేరే అక్షరం ఉంటుంది. రెంటినీ కలగలపకుండా సైజు చూసి గుర్తుపట్టాలి. మా లినక్స్ ఇప్పుడు ఎస్‌డీఏ5 అయి ఉంది. దాన్ని ఎంఎన్‌టీ అనే ఖాళీ ఫోల్డర్‌కు మౌంట్ చెయ్యాలి, అంటే అక్కడ తగిలించాలి. నడుస్తున్న సిస్టమ్‌లోని డెవ్, ప్రాక్, సిస్ అనే మూడింటినీ కూడా దాని లోపల తగిలించాలి. తర్వాత సీహెచ్‌రూట్ అనే కమాండ్. దాంతో మనం పెన్‌డ్రైవ్ మీద నుంచి పాత ఇంట్లోకి అడుగుపెట్టినట్టు. ఇప్పుడు ఏం కొట్టినా పాత లినక్సే చేస్తున్నట్టు జరుగుతుంది. అక్కడ గ్రబ్ ఇన్‌స్టాల్, ఆ తర్వాత అప్‌డేట్ గ్రబ్. మొదటిది డిస్కు మొదట్లో కొత్త నంబరుతో గ్రబ్‌ను రాస్తుంది. రెండోది ఏయే సిస్టమ్‌లు ఉన్నాయో వెతికి మెనూ తయారు చేస్తుంది.

నేను గ్రబ్‌ను ఎస్‌డీఏ5 మీద రాయమన్నాను. లినక్స్ ఉన్నది అక్కడే కదా అని. అది ఒప్పుకోలేదు. బ్లాక్ లిస్టులు నమ్మదగినవి కావు, ముందుకు పోను అని పెద్ద పెద్ద హెచ్చరికలు వచ్చాయి. నాకు చెమటలు పట్టాయి. అంతా రాసుకుని మళ్లీ మేడ ఎక్కాను. తమ్ముడు నవ్వాడు. “ముక్క మీద కాదు సార్, మొత్తం డిస్కు మీద. చివర ఐదు తీసెయ్యండి.” ఒక్క అంకె. దిగివచ్చి ఐదు లేకుండా ఎస్‌డీఏ అని కొట్టాను. ఏ తప్పూ లేకుండా ఇన్‌స్టాల్ అయిందని ఒక లైను వచ్చింది. అప్‌డేట్ గ్రబ్ కొడితే, విండోస్ 7 కూడా దొరికిందని చెప్పింది.

(కొత్త కంప్యూటర్లున్న బడులవాళ్లకు ఒక మాట. ఇప్పుడు వచ్చేవాటిలో యూఈఎఫ్ఐ అని వేరే పద్ధతి ఉంటుంది. గ్రబ్ డిస్కు మొదట్లో కాక ఈఎఫ్ఐ అనే చిన్న ముక్కలో ఉంటుంది. సీహెచ్‌రూట్‌కు ముందు దాన్ని కూడా తగిలించాలి. పెన్‌డ్రైవ్‌ను కూడా యూఈఎఫ్ఐ పద్ధతిలోనే లేపాలి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి వేరే సిస్టమ్‌లను వెతికే పని మామూలుగా ఆపి ఉంచుతున్నారు. కాబట్టి మెనూలో విండోస్ కనబడకపోతే కంగారు పడకండి. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ఆ వెతుకులాటను తిరిగి తెరవాలి. కొత్త విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. దాని డ్రైవ్‌లలో లినక్స్ నుంచి రాయబోకండి, చదివితే చాలు.)

పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేశాను. ఊదారంగు మెనూ వచ్చింది. ఉబుంటు పైన, విండోస్ 7 కింద. ఉబుంటు నొక్కితే మధ్యలో చాలాసేపు నిలబడిపోయింది. ఏదో పని నడుస్తోందని చెబుతూ సెకన్లు లెక్కబెడుతోంది. ఒకటిన్నర నిమిషం దాకా ఆగుతానంటోంది. మళ్లీ పోయిందనుకున్నాను. లెక్క పూర్తయ్యాక తనంతట తనే తెరుచుకుంది. తీసేసిన స్వాప్ ముక్క కోసం అది ఇంకా ఎదురుచూస్తోందట. ఎఫ్ఎస్ ట్యాబ్ అనే ఫైల్లో ఆ లైను ముందు ఒక హ్యాష్ గుర్తు పెడితే ఎదురుచూడడం మానేసింది.

ఖర్చు లెక్క చూస్తే, ఆటోకు రాను పోను, పెన్‌డ్రైవ్‌కు కొంత, రెండు సిమ్‌ల డేటా. ఐదొందలకు మించే అయింది. ఆరు రోజులు పట్టింది. షాపులో అయితే గంట పని.

అక్క కొడుకుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండో రోజూ ఎత్తలేదు. ఆదివారం నేనే వాళ్ల ఊరు పోయాను. నన్ను చూసి వాడు పశువుల కొట్టం వైపు పోబోయాడు. క్షమించమని అడగడం మన ఇళ్లలో మామలకు అలవాటు లేని పని. నేను కూడా అడగలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి వాడి చేతిలో పెట్టి, “ఇది కంప్యూటర్‌కు పెట్టి ఎఫ్12 నొక్కు, ఏమైతదో చూద్దువు” అన్నాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మామ, ఫైళ్లు వచ్చినయా?” అన్నాడు. గోండిలోనే అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను. వచ్చినయ్ అన్నాను. వాడు అటు తిరిగి చాలాసేపు ఎద్దుకు మేత వేస్తూనే ఉన్నాడు. వేసిన మేత మీదే మళ్లీ వేస్తున్నాడు.

వాడు తిరిగి వచ్చాక నా నోటుపుస్తకంలోని కమాండ్లన్నీ శుభ్రంగా వేరే పుస్తకంలో రాసుకున్నాడు. నేను రాసుకున్నవాటిలో ఒకచోట ఖాళీ వదలడం మరిచాను. అది కూడా పట్టుకున్నాడు. పక్క ఊరి బడిలో ‘పాడైనది’ అని చీటీ అంటించి బీరువా పక్కన పెట్టిన కంప్యూటర్ ఒకటి ఉంటే, ఆ సార్‌ను అడిగి పెన్‌డ్రైవ్‌తో లేపి చూశాడు. దాని హార్డ్ డిస్కు నిజంగానే చచ్చిపోయిందట, లోపల టక్ టక్‌మంటోంది. డిస్కు లేకుండానే పెన్‌డ్రైవ్ మీద నడిపించి పిల్లలకు టైపింగ్ చూపించి వచ్చాడు. అన్నీ బాగవుతాయని నేను చెప్పడం లేదు. కానీ ఏది చచ్చిందో ఏది దారి తప్పిందో చూడకుండా చీటీ అంటించకూడదు.

ఇప్పుడు కాకా పాటలు మూడు చోట్ల ఉన్నాయి. నా కంప్యూటర్‌లో, టీచర్ మిత్రుడి హార్డ్ డిస్కులో, కాకా కొడుకు ఫోన్ మెమరీ కార్డులో. అతను కార్తీకంలో, పత్తి ఏరుడు మధ్యలో ఖాళీ చూసుకుని రాత్రిపూట వచ్చేవాడు. కీక్రీ పట్టుకుని కంప్యూటర్ ముందు చాప మీద కూర్చునేవాడు. ఒక్క ముక్క విని, ఆపమని చెయ్యి చూపించి, తను వాయించి, మళ్లీ వినిపించమనేవాడు. అక్క కొడుకు మౌస్ పట్టుకుని కూర్చునేవాడు.

ఒక రాత్రి అక్క కొడుకు ఆడాసిటీ తెరిచి, “మామ, ఈ కోడి కూత, తాత దగ్గు తీసేస్తే పాట మంచిగ వినబడ్తది. తీసెయ్యన్నా?” అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే కాకా కొడుకు కీక్రీ పక్కన పెట్టి లేచాడు.

“ఉండనీ” అన్నాడు. “దగ్గిన తర్వాతనే నాన్న ఎత్తుకునేటోడు. అది వింటేనే నాకు ఎక్కడ మొదలుపెట్టాల్నో తెలుస్తది.”

అక్క కొడుకు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.